హార్లన్ రేడియో ఆపేసిన ఆదివారం

మా ఊరు న్యూ డెల్డెన్‌లో హార్లన్ టే స్లా మొహం ఎరగనివాళ్లు ఉండొచ్చు గానీ అతని గొంతు ఎరగనివాళ్లు లేరు. పొద్దున్నే రేడియోలో పందుల ధరలూ మొక్కజొన్న ధరలూ చెప్పాక, చుట్టుపక్కల ఎవరు పోయారో చదవబోయే ముందు, ఆ సందులో అతని మాట వస్తుంది. పాలు పితికేవాళ్లు పాకలో వింటారు. పిల్లల్ని బడికి తయారుచేసే తల్లులు వంటింట్లో వింటారు. మా ఊళ్లో డెమొక్రాట్లు ఓ గుప్పెడు మంది ఉన్నారు, వాళ్లూ వింటారు. పొద్దున్నే తిట్టుకోవడానికి వాళ్లకీ ఎవరో ఒకరు కావాలి కదా.

హార్లన్ చదివింది హైస్కూలు. చేసింది పందుల పెంపకం. గొంతు మాత్రం దేవుడిచ్చాడు. చర్చిలో అతను వాక్యం చదివితే వెనక బెంచీల మీద కునికే ముసలివాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు. స్టేషన్ యజమాని లోవెల్ అది విని, వారానికోసారి వచ్చి నాలుగు మాటలు చెప్పరాదా అన్నాడు. వారానికోసారి కాస్తా రోజూ అయింది. పందుల్ని కొడుక్కి అప్పగించాక హార్లన్‌కి ఇక అదే వ్యవసాయం.

అతను తను నమ్మనిది ఒక్క ముక్క కూడా చెప్పేవాడు కాదు. ఆ సంగతి గిట్టనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. పుట్టని బిడ్డ ప్రాణం, బడిలో ప్రార్థన, రైతు నెత్తిన పన్నులు, ఇవీ అతని మాటలు. "వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లకి పంది ఏ వైపు నుంచి మేస్తుందో తెలీదు, మనకి వ్యవసాయం నేర్పుతారు" అనేవాడు. ఇరాక్ మీద యుద్ధం మొదలైనప్పుడు, "దున్నడం మొదలుపెట్టి సగంలో నాగలి వదిలేసేవాడు రైతు కాడు" అన్నాడు. ఆ మాట ఎంత నచ్చిందంటే మంగలి షాపులో దాన్ని తమ మాటగా చెప్పుకోనివాడు లేడు. చివర మాత్రం ఎప్పుడూ ఒకటే. "దేవుడికి భయపడండి. ఓటెయ్యండి. మిగతాది రేపు."

రోజూ రాసిందాన్ని ముందు భార్య నెల్వాకి చదివి వినిపించేవాడు. శనివారాలు ఆవిడ బంగాళాదుంపల తొక్క తీస్తూ వినేది. మా ఊళ్లో ఆదివారం అంటే ఆదివారమే. గడ్డి కొయ్యరు, బట్టలు ఆరెయ్యరు, ఆదివారం తినే దుంపలకి శనివారమే తొక్క తీసి నీళ్లలో వేసి పెడతారు. హార్లన్ చదువుతున్నంతసేపూ నెల్వా చేతిలో కత్తి ఆడుతూ ఉంటే రాసింది బాగున్నట్టు. ఆగితే ఎక్కడో తేడా ఉన్నట్టు. పెళ్లయినప్పటినుంచీ ఆవిడ అతని రాతల్ని మెచ్చుకున్న పాపాన పోలేదు గానీ, కత్తి ఆగినచోట అతను కొట్టెయ్యకుండా ఉండేవాడు కాదు.

ఆదివారం విషయంలో హార్లన్ మరీ మొండి. మెయిన్ వీధిలో పెట్రోలు బంకు నడిపే డువేన్ కూయిమన్ ఆదివారాలు కూడా తెరుస్తానన్నప్పుడు, వారమంతా రేడియోలో ఉతికి ఆరేశాడు. ఆదివారం నాడు ఆ గడప తొక్కనని మైకులోనే ఒట్టు పెట్టుకున్నాడు. డువేన్ తక్కువ తిన్నాడా, "హార్లన్ రాకపోయినా కాఫీ వేడిగానే ఉంది" అని బంకు ముందు బోర్డు పెట్టాడు. విశ్రాంతి దినాన ఎద్దు బావిలో పడితే పైకి లాగొచ్చని వాక్యం ఉంది కాబట్టి, ఆదివారం ఏ పని చెయ్యాలన్నా మావాళ్లు "ఎద్దు బావిలో పడింది" అంటారు. హార్లన్ దాన్నీ వదల్లేదు. "ఈ ఊళ్లో ఎద్దులకి వారంలో ఇంకే రోజూ బావి కనబడదేంటో" అన్నాడు.

అంత నిష్ఠగలవాడు ఒక్కచోట మాత్రం సడలించాడు. ఆ ఏడు నవంబరులో ఎన్నికలు. వేడి వేడిగా ఉంటుందని, హార్లన్ సోమవారం చెప్పబోయే మాటల్లోంచి ఒక ముక్క తీసి, శనివారం సాయంత్రం నుంచి గంటకోసారి వినిపిద్దామన్నాడు లోవెల్. ఆదివారం స్టేషన్లో మనిషి ఉండడు. కీర్తనలూ ప్రసంగాలూ అన్నీ కంప్యూటరే నడుపుతుంది. హార్లన్ ఓ రోజంతా ఆలోచించాడు. తను రికార్డు చేసేది శనివారం, ఆదివారం పనిచేసేది మిషను, మిషనుకి విశ్రాంతి దినం లేదు, కాబట్టి తప్పు లేదని తేల్చుకున్నాడు.

"మిషను సరే, గొంతు ఎవరిదట?" అంది నెల్వా.

"గొంతు శనివారమే పని ముగించి ఇంటికొచ్చేసిందిగా."

"ఆహా. ఈ తెలివి డువేన్‌కి చెప్పు, బంకు కూడా మిషనే అంటాడు."

ఇంతలో బెర్డీనా సంగతి వచ్చింది. బెర్డీనా హౌస్‌మన్ బడి వంటశాలలో వంట చేస్తుంది. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, ట్రెంట్, నేషనల్ గార్డ్‌లో చేరి ఇరాక్ వెళ్లాడు. చర్చిలో ఆమె బెంచీ హార్లన్ బెంచీకి సరిగ్గా ముందుంటుంది. తరాలుగా అవే బెంచీలు, అవే కుటుంబాలు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కాఫీ దగ్గర, అందరిముందూ ఆమె హార్లన్‌ని పట్టుకుంది.

"హార్లన్, నీకు అన్నీ తెలుసుగా. మా పిల్లల్ని ఎప్పుడు వెనక్కి పిలుస్తారు?"

హార్లన్ నోరు తెరిచాడు. "దేవుడి దయవల్ల త్వరలోనే" అని ఏదో నసిగి, బిస్కెట్లున్న పళ్లెం వైపు తిరిగాడు. వయసులో ఉన్నప్పుడు, కుర్రాళ్లని బలవంతంగా యుద్ధానికి పట్టుకెళ్లే రోజుల్లో, వ్యవసాయం పేరు చెప్పి పటాలానికి పోకుండా మిగిలిపోయినవాడు అతను. ఆ మాట ఆమె అనలేదు. అయినా అన్నట్టే వినబడింది అతనికి. రోజూ ఊరందరికీ జవాబులు చెప్పేవాడు ఒక ఆడమనిషి ముందు నీళ్లు నమలడమేంటని, ఆ ముల్లు వారం పొడుగునా గుచ్చుతూనే ఉంది.

అందుకే శనివారం కూర్చుని జవాబు రాశాడు. నెల్వా దుంపలు ముందేసుకుని కూర్చుంది. అతను చదివాడు.

"మన సంఘంలోనే ఒక తల్లి నన్నడిగింది, మా పిల్లల్ని ఎప్పుడు వెనక్కి పిలుస్తారని. అమ్మా, నీ బిడ్డ ఎవరి చేతుల్లో ఉన్నాడో నీకు తెలీదా? పరలోకపు తండ్రి చిత్తం లేకుండా తల మీద వెంట్రుకైనా రాలదని మనం చిన్నప్పుడు కంఠతా పట్టలేదా? ఈ కౌంటీ నుంచి వెళ్లిన ఒక్క కుర్రాడి వెంట్రుక రాలిందా? లేదు. మరెందుకు భయం? భయపడి వేసే ఓటు శత్రువుకి వేసే ఓటే."

కత్తి ఆగిపోయింది.

"బెర్డీనాయేగా ఆ తల్లి?" అంది నెల్వా.

"పేరు చెప్పలేదుగా."

"పేరెందుకు? కాఫీ దగ్గర ఉన్నవాళ్లంతా చూశారు. తీసెయ్ అది."

"నేను ఆమెకి ధైర్యం చెబుతున్నానే నెల్వా."

"ధైర్యం చెప్పాలంటే ఇంటికెళ్లి చెప్పు. మైకులో కాదు."

ఎప్పుడూ లేనిది, ఆ ఒక్కసారీ హార్లన్ కొట్టెయ్యలేదు. చదువుతుంటే గొంతుకి బాగా పట్టింది మరి. మధ్యాహ్నం వెళ్లి రికార్డు చేసి వచ్చాడు. లోవెల్‌కి ఎంత నచ్చిందంటే, గంటకోసారి వేసే ముక్కకి సరిగ్గా అదే తీసుకున్నాడు.

మర్నాడు ఆరాధనలో చిన్న సంగతి జరిగింది. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టగానే మా చర్చిలో కాగితాల గరగర వినబడుతుంది. ప్రతి బెంచీలోనూ ఎవరో ఒకరు పిప్పరమెంటు బిళ్లల చుట్ట విప్పి పక్కవాళ్లకి అందిస్తారు. పిల్లలు అల్లరి చెయ్యకుండా మొదలైన అలవాటు, పెద్దవాళ్లయినా పోలేదు. బెర్డీనా తండ్రి హార్లన్ తండ్రికి ఒక బిళ్ల వెనక్కి అందించేవాడట. ఆయన పోయాక బెర్డీనా అందిస్తోంది, ట్రెంట్ ఊళ్లో ఉన్నన్నాళ్లూ పక్కన వాడికొకటి, వెనక హార్లన్‌కొకటి. తల తిప్పదు, భుజం మీదుగా చెయ్యి ఒక్కటే వెనక్కి వస్తుంది. ఆ ఆదివారం రాలేదు.

అయిపోయాయేమో అనుకున్నాడు హార్లన్. ఆరాధన క్రమం అచ్చువేసిన కాగితం అంచున మంగళవారం చెప్పబోయేది రాసుకుంటూ కూర్చున్నాడు. చూసినవాళ్లు ప్రసంగంలోని మాటలు రాసుకుంటున్నాడనుకుంటారు. నెల్వాకి తెలుసు.

ఇంటికొచ్చి, పొయ్యిలో ఉడికిన మాంసం కోసి, ప్రార్థన చేసుకుని తినబోతుండగా ఫోన్ మోగింది. ఆదివారం భోజనం వేళ మా ఊళ్లో ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యరు, సంఘం తరఫున ప్రార్థన అడగాల్సిన కష్టం వస్తే తప్ప. అప్పుడు ఒకరు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి చేసుకుంటూ పోతారు. నెల్వా తీసింది. విని, కుర్చీలో కూలబడింది.

"బెర్డీనా చర్చి నుంచి వెళ్లేసరికి వాకిట్లో కారుందట. మిలిటరీ వాళ్లు. ట్రెంట్ పోయాడు హార్లన్. రోడ్డు మీద బాంబు పెట్టారట."

హార్లన్ ఫోర్కు పళ్లెంలో పెట్టేశాడు. ట్రెంట్ ఒకప్పుడు హార్లన్ పందుల కొట్టాలు కడిగిన కుర్రాడు. బాప్తిస్మం నాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే చర్చంతా నవ్వింది. సంఘ పెద్దగా పాస్టరుగారితో పాటు ఆ ఇంటికి వెళ్లాల్సింది హార్లనే. లేచి కోటు తీసుకున్నాడు. ఒక చెయ్యి తొడుక్కున్నాక, ఆగిపోయాడు.

తర్వాత చేసింది అతను ఆదివారం నాడు ఎప్పుడూ చెయ్యనిది. వంటింటి గట్టు మీదున్న రేడియో పెట్టాడు. కీర్తన వస్తోంది. ఇద్దరూ నిలబడే విన్నారు. కీర్తన అయింది. అయ్యాక హార్లన్ గొంతు వచ్చింది, ఎంతో నిబ్బరంగా.

"ఈ కౌంటీ నుంచి వెళ్లిన ఒక్క కుర్రాడి వెంట్రుక రాలిందా? లేదు. మరెందుకు భయం?"

హార్లన్ రేడియో కట్టేశాడు.

"బెర్డీనా వంటింట్లో రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది" అంది నెల్వా. "ఇవాళ అక్కడ దాన్ని కట్టాలని ఎవరికీ తోచదు."

హార్లన్ లోవెల్ ఇంటికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆదివారాలు లోవెల్ కూతురి దగ్గరికి వెళ్తాడు, రాత్రి గానీ రాడు. స్టేషన్ తాళంచెవి ఇంకోటి ఉంది. అది స్టేషన్ పక్కనే ఉన్న డువేన్ బంకులో మేకుకి వేలాడుతూ ఉంటుంది.

"డువేన్ దగ్గరుంది" అన్నాడు. "ఇవాళ ఆదివారం."

నెల్వా అతని కోటు రెండో చెయ్యి పట్టుకుని తొడిగింది. "బావిలో పడింది ఎద్దు కాదు. నువ్వు. వెళ్లు."

మెయిన్ వీధిలో ఆదివారం మధ్యాహ్నం ఒక ట్రక్కు వెళ్తే ఊరంతా కర్టెన్లు జరుగుతాయి. అది హార్లన్ ట్రక్కు అయితే చెప్పేదేముంది. బంకు ముందు ఆపి, ఒట్టు పెట్టుకున్న గడప తొక్కి లోపలికి వెళ్లాడు. గల్లా వెనక డువేన్ పేపరు చదువుతున్నాడు. తలెత్తి చూసి, నమ్మలేక, కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఎన్నాళ్లనుంచి దాచుకున్నాడో, మాట నాలుక చివరే ఉంది.

"రా పెద్దాయనా, రా! ఎద్దెక్కడ పడింది? కాఫీ వేడిగానే..."

హార్లన్ మొహం చూసి అక్కడే ఆపేశాడు.

"తాళంచెవి కావాలి డువేన్. స్టేషన్‌ది."

డువేన్ మేకు మీంచి తీసి ఇచ్చాడు. అతని వెనక అలమరలో రేడియో ఉంది. కట్టేసి ఉంది.

"ట్రెంట్ సంగతి నాకూ ఫోన్ వచ్చింది. పొద్దుట్నుంచీ గంటకోసారి నీ మాట వస్తూనే ఉంది. వినలేక నేనే కట్టేశాను" అన్నాడు. కాస్త ఆగి, "నీ మొహం చూసి కాదు. వాడు వేసవి సెలవుల్లో ఇక్కడే పనిచేసేవాడు" అన్నాడు.

హార్లన్ తలూపాడు. గల్లా మీద చెయ్యి ఆనించి ఇంకేదో అనబోయాడు గానీ, డువేన్ మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

స్టేషన్ గదిలో కంప్యూటర్ తెర మీద వరసలు వరసలుగా పేర్లు కదులుతున్నాయి. ఏది కీర్తనో ఏది ప్రసంగమో ఏది తన ముక్కో హార్లన్‌కి బోధపడలేదు. అన్నేళ్లూ గాజు అద్దానికి ఇవతల కూర్చుని మాట్లాడి వెళ్లినవాడే గానీ, అవతల ఏముందో ఎప్పుడు చూశాడు? ఒకటి నొక్కాడు, రెండు నొక్కాడు. తెర మీద ఏదో మారింది, కీర్తన మాత్రం ఆగలేదు. గోడ మీద గడియారం గంట దగ్గరికి వస్తోంది. చివరి చరణం మొదలైంది. బెర్డీనా వంటింట్లో అలమర, దాని మీద రేడియో, దాని ముందు నిలబడ్డ బెర్డీనా, అన్నీ కళ్లకి కట్టాయి.

గోడకి కరెంటు ఇనుప పెట్టె, దానికో పెద్ద పిడి ఉన్నాయి. హార్లన్ రెండు చేతులా పట్టుకుని కిందికి లాగేశాడు. తెర నల్లబడింది. దేవుడి పాట నడుమ తెగిపోయింది. స్టేషన్ పుట్టిన దగ్గర్నుంచి ఆదివారం నాడు ఆ రేడియో మూగబోవడం అదే మొదటిసారి.

వెంటనే బల్ల మీద ఫోన్ మోగడం మొదలైంది. చర్చికి రాలేని ముసలివాళ్లకి ఆదివారం ఆ రేడియోయే చర్చి. హార్లన్ తీశాడు. మంచం దిగలేని కోర్నీలియా ముసలమ్మ.

"కీర్తన ఆగిపోయిందేంటి? ఎవరది? హార్లనా? ఆదివారం నాడు అక్కడ నీకేం పనయ్యా?"

"నేనే ఆపానమ్మా."

"దేవుడి పాట ఆపుతావా? ఎందుకూ?"

"నా నోరు మూయించడానికి ఇంకో దారి దొరకలేదమ్మా" అన్నాడు హార్లన్.

బెర్డీనా ఇంటి ముందు అప్పటికే కార్లు బారులు తీరి ఉన్నాయి. మా ఊళ్లో చావు కబురు చెవిన పడ్డ ఆడవాళ్లు ముందు పొయ్యి వెలిగిస్తారు, తర్వాత ఏడుస్తారు. వంటింటి బల్ల మీద హామ్ పెట్టిన బన్నులు, మూతలేసిన గిన్నెలు నిండిపోయాయి. పాస్టరుగారు ముందు గదిలో బంధువులకి ఫోన్లు చేస్తున్నారు. హార్లన్ రాగానే ఒకావిడ అలమర మీదున్న రేడియో వంక చూసి చూపు తిప్పుకుంది. అది గరగరమంటోంది. నిజంగానే ఎవరికీ కట్టాలని తోచలేదు.

బెర్డీనా వంటింటి మూల నిలబడి ఇస్త్రీ చేస్తోంది. ఆదివారం. పాస్టరుగారు పక్క గదిలోనే ఉన్నారు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. మగపిల్లాడి చొక్కాలు, ఒకదాని మీద ఒకటి మడతపెట్టి ఉన్నాయి.

"బెర్డీనా" అన్నాడు హార్లన్. సంఘ పెద్దలు చెప్పే మాటలు అతనికి చాలా వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు. మాటలు రానందుకు ఈసారి సిగ్గు కూడా వెయ్యలేదు.

"రేడియో పోయింది" అంది ఆమె, తలెత్తకుండా.

"నేనే ఆపేశాను."

"ఆదివారం నాడా?"

"ఆదివారం నాడే."

"డువేన్ దగ్గర తాళంచెవి తీసుకుని?"

"ఊఁ."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి అతని మొహం చూసింది. "అయితే నిన్నూ నన్నూ కలిపే సంఘం ముందు నిలబెట్టాలి" అంది. ఆ మాటకి తనే నవ్వబోయి, నవ్వు రాక, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్లెవరో దగ్గరికి రాబోతే వద్దని తలూపింది.

"నువ్వు ఆపక ముందే విన్నాను హార్లన్. నిన్న సాయంత్రమే. వచ్చేనెల వాడికి సెలవిస్తామన్నారు కదా, చొక్కాలన్నీ ఉతికి ఇస్త్రీ మొదలుపెట్టాను. అప్పుడొచ్చింది నీ మాట. ఒళ్లు మండిపోయింది. ఇస్త్రీ చేస్తూనే నీకు జవాబు తయారుచేసుకున్నాను. ఇవాళ పొద్దున చర్చిలోనే అనేద్దామనుకున్నాను గానీ, దేవుడి ఇంట్లో ఎందుకులే, సోమవారం మీ ఇంటికొచ్చి మొహాన అందామనుకున్నాను."

పిప్పరమెంటు బిళ్ల ఎందుకు రాలేదో హార్లన్‌కి అప్పుడు తెలిసింది.

"ఇప్పుడను" అన్నాడు.

"ఇప్పుడు అదెందుకూ పనికిరాదు. అది కొడుకు బతికున్న తల్లి చెప్పే జవాబు."

"అదే చెప్పు."

ఆమె చొక్కా కాలరు సవరించింది. తర్వాత చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కొక్క మాటే. రాత్రంతా నోట్లో వేసుకుని నమిలిన మాటలు కాబట్టి ఎక్కడా తడబడలేదు. హార్లన్ జేబులో చెయ్యి పెడితే పొద్దుటి ఆరాధన కాగితం తగిలింది. దాని వెనక రాసుకున్నాడు. అయ్యాక అడిగాడు.

"రేపు ఇది చదవనా? నీకు ఇష్టం లేకపోతే వద్దు. రేపు అసలు మాట్లాడకుండానైనా ఉంటాను."

"చదువు" అంది బెర్డీనా. "కానీ ఒక్క మాట మార్చడానికి వీల్లేదు. నాకు జాలి తగిలించి అందంగా చెయ్యకు. నిన్న ఎలా ఉందో అలాగే ఉండాలి."

తర్వాత ఆమె ఇంకో చొక్కా తీసుకుంది. హార్లన్ కుర్చీ లాక్కుని, ఆమె ఇస్త్రీ చేసినంతసేపూ అక్కడే కూర్చున్నాడు. ఎవరో కాఫీ ఇచ్చారు. అది చల్లారిపోయింది.

సోమవారం పొద్దున లోవెల్ స్టేషన్ మళ్లీ నడిపించాడు. జరిగింది విని, రికార్డు చేసినదంతా తనే చెరిపేశాడు. పందుల ధరలయ్యాయి. మొక్కజొన్న ధరలయ్యాయి. హార్లన్ మైకు ముందు కూర్చుని, నిన్న కీర్తనలు ఆపింది తనేనని, విన్నవాళ్లందరికీ క్షమాపణ చెబుతున్నానని అన్నాడు. "శనివారం సాయంత్రం నుంచి నా మాట ఒకటి మీరంతా విన్నారు. దానికి మన సంఘంలో ఒక తల్లి, అదే సాయంత్రం, జవాబు చెప్పాలనుకుంది. అది చదువుతాను. ఇందులో నా మాట ఒక్కటీ లేదు" అన్నాడు. చదివాడు.

"హార్లన్, వెంట్రుక రాలదన్న మాట నీ ఒక్కడిదే కాదు, నాది కూడా. నేనూ చిన్నప్పుడు పాస్టరు ముందు నిలబడి అప్పజెప్పాను. అందులో వెంట్రుక రాలదని లేదు. ఆయన చిత్తం లేకుండా రాలదని ఉంది. నా పిల్లవాడికి ఏమీ కాదని దేవుడు నాకు మాటివ్వలేదు. ఏమైనా సరే చెయ్యి వదలనన్నాడు, అంతే. రోజూ రాత్రి దీపం ఆర్పాక నేను ఆ మాట పట్టుకుని పడుకుంటున్నాను. నువ్వు దాన్ని తీసుకెళ్లి ఓట్లు అడగడానికి వాడావు. నీ ఓటు నువ్వు వేసుకో. నేనూ బహుశా నీ మనిషికే వేస్తాను. కానీ ఆ మాట నాకు తిరిగి ఇచ్చెయ్యి. ట్రెంట్ ఇంటికొచ్చేదాకా నాకు అది కావాలి."

చివరి వాక్యం దగ్గర హార్లన్, అన్నేళ్లలో ఎన్నడూ తడబడనివాడు, తడబడ్డాడు. గుక్క తీసుకుని ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చదివాడు, సరిగ్గా. ఓటెయ్యండి అనలేదు. మిగతాది రేపు అనలేదు. అతని వంతు సమయం ఇంకా చాలా మిగిలే ఉంది. అద్దం అవతల లోవెల్ ఏం చెయ్యాలో తెలియక చూస్తూ కూర్చుండిపోయాడు. పాకల్లో, వంటిళ్లల్లో, ట్రక్కుల్లో ఊరంతా ఆ నిశ్శబ్దం విన్నది. తర్వాత పోయినవాళ్ల పేర్లు చదివారు. ఆ రోజు ఒక్కటే పేరు.

హార్లన్ మారిపోయాడని కొందరన్నారు. ఏమీ మారలేదు. నవంబరులో ఎప్పుడూ వేసే పార్టీకే వేశాడు. పన్నుల మీద, పుట్టని బిడ్డల మీద అవే మాటలు మాట్లాడుతూనే ఉన్నాడు. యుద్ధం మంచిదో కాదో మళ్లీ చాలాసార్లు చెప్పాడు, కాకపోతే ఆ మాటలు చెప్పే రోజున గొంతు కొంచెం తగ్గేది. ఆదివారం తన ముక్కలు వెయ్యొద్దని లోవెల్‌కి గట్టిగా చెప్పాడు. సంఘ పెద్దల సమావేశంలో తనే లేచి, విశ్రాంతి దినాన ఫలానా పని చేశానని ఒప్పుకున్నాడు. అందరికంటే పెద్దాయన, ఎద్దు బావిలో పడింది కదయ్యా, తప్పేముంది అన్నాడు. ఆ ఎద్దుని తోసింది నేనేనండీ అన్నాడు హార్లన్. పాస్టరుగారు ప్రార్థన చేసి సమావేశం ముగించారు.

ట్రెంట్‌ని సమాధి చేశాక వచ్చిన ఆదివారం బెర్డీనా చర్చికి వచ్చింది. ఎప్పటి బెంచీలోనే కూర్చుంది. పక్కన చోటు ఖాళీగా ఉంది. హార్లన్ ఆమె వెనక కూర్చుని, ఒళ్లో ఆరాధన కాగితం పెట్టుకున్నాడు. పెన్ను జేబులోనే ఉంది. పాస్టరుగారు వాక్యం చదివి ప్రసంగం మొదలుపెట్టారు. చర్చి అంతా కాగితాలు గరగరమన్నాయి.

ముందు బెంచీలో కూడా గరగర వినబడింది. హార్లన్ తల దించుకున్నాడు. కాసేపటికి నెల్వా మోచేత్తో పొడిచింది. చూస్తే, బెర్డీనా చెయ్యి భుజం మీదుగా వెనక్కి వచ్చి ఉంది. ఎప్పుడూ ఒక్క బిళ్ల ఉండేది. ఇవాళ రెండున్నాయి. ఆమె తల తిప్పలేదు. హార్లన్ తీసుకునేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.

ఇంటికి వెళ్తుంటే, ఇవాళ ప్రసంగం దేని గురించి అని నెల్వా అడిగింది. హార్లన్ చెప్పలేకపోయాడు. కాగితం అంచున ఏమీ రాసి లేదు. ఒక బిళ్ల తిన్నాడు. రెండోది ట్రెంట్‌ది. అది అరచేతిలోనే ఉంది.